రిసెప్షన్ రాత్రి హీల్స్, తెల్లవారి మండపంలో వట్టి కాళ్ళు: ఒక పెళ్ళికూతురి కేసు

పెళ్ళికూతురి వయసు 27, ఎత్తు 155 సెంటీమీటర్లు. పెళ్ళికొడుకు 183. అమ్మాయిది బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎక్కువ రోజులు తిరుపతిలో ఇంటి నుంచే పని. పెళ్ళి మాఘమాసంలో, తిరుచానూరు రోడ్డులోని ఒక కల్యాణ మండపంలో. మా వైపు చాలా ఇళ్ళలో లాగే ముందురోజు రాత్రి రిసెప్షన్, మర్నాడు తెల్లవారుజామున 5 దాటాక ముహూర్తం. ఆ మరుసటి రోజు కొత్త జంటకు తిరుమల దర్శనం, దిగి వచ్చాక శ్రీనివాస మంగాపురం. పెళ్ళికి ఆరు వారాల ముందు తల్లీకూతుళ్ళు చెప్పులు చేసే నా దగ్గరికి వచ్చారు.

వచ్చేటప్పుడే ఒక జత తెచ్చారు. ఆన్‌లైన్‌లో తెప్పించింది. బంగారు రంగు, 4 అంగుళాల పెన్సిల్ హీల్, ముందు సన్నటి స్ట్రాపుల మీద వరసగా రాళ్ళు. వాళ్ళు అడిగింది చిన్న పనే. "అన్నా, ఎడమ కాలికి బిగుతుగా ఉండాది. కొంచెం సాగదీసి ఇస్తావా?" అంది వాళ్ళమ్మ. అది తోలైతే లాస్ట్, అంటే పాదం ఆకారంలో ఉండే అచ్చు, మీద ఎక్కించి రెండు రోజులు ఉంచితే కాస్త సాగుతుంది. ఇది పీయూ, తోలులా కనిపించే ప్లాస్టిక్ సరుకు. పీయూ సాగదు, సాగినట్టు కనిపించినా మళ్ళీ మొదటికే వస్తుంది, లేదంటే పగులుతుంది. ఆ మాట చెప్పి పంపించేస్తే అక్కడితో అయిపోయేది. కానీ లోపలికి నడిచి వచ్చేటప్పుడు అమ్మాయి ఎడమ మడమ పూర్తిగా ఆనించడం లేదు. అడిగితే, పొద్దున మంచం దిగగానే నాలుగడుగులు వేయాలంటే ప్రాణం పోతుందని, నడిచేకొద్దీ తగ్గుతుందని చెప్పింది. ఎముకల డాక్టరుకు చూపించారట. ఆయన ప్లాంటార్ ఫేషియైటిస్ (అరికాలి కింది పట్టీ వల్ల వచ్చే మడమ నొప్పి) అని రాసి, వ్యాయామాలు ఇచ్చి, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోమన్నారు. ఆ చీటీని, పెళ్ళి చెప్పులను ఇంట్లో ఎవరూ కలిపి చూడలేదు.

నేను డాక్టరును కాను. ఆంబూరులో ఒక బూట్ల కంపెనీ శాంపిల్ సెక్షన్‌లో పని నేర్చుకుని తిరుపతిలో చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నవాడిని. చిత్తూరు దాటి రాణిపేట, వాణియంబాడి, ఆంబూరు వైపు వెళితే ఊళ్ళకు ఊళ్ళు తోలు మీదే బతుకుతాయి. మా వైపు నుంచి అక్కడికి పోయి పని నేర్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. షుగరు ఉన్నవాళ్ళకు, పోలియో వల్ల కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకు చెప్పులు చేయడం నా రోజువారీ పని. పెళ్ళికూతుళ్ళు తక్కువగానే వస్తారు. వచ్చినవాళ్ళంతా ఏ రంగు, ఎంత ఎత్తు అనే అడుగుతారు. నేను మాత్రం ముందు టైమ్‌టేబుల్ అడుగుతాను.

ఎందుకంటే మన పెళ్ళిలో అసలు ఘట్టాలకు చెప్పులే ఉండవు. గౌరీపూజ, మేనమామ బుట్టలో తెచ్చి కూర్చోబెట్టడం, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, సప్తపది, సన్నికల్లు తొక్కడం, మెట్టెలు, అరుంధతి చూడడం, అన్నీ వట్టి కాళ్ళతోనే. చెప్పులు వేసుకునేది రిసెప్షన్‌కి, ఫోటోలకి. కాబట్టి రిసెప్షన్‌లో బాగా కనిపించాయా లేదా అన్నది సగం పరీక్షే. ఆ చెప్పులు విప్పిన నాలుగైదు గంటల తర్వాత అమ్మాయి వట్టి గ్రానైటు మీద ఎట్లా నిలబడగలిగిందన్నదే నా దృష్టిలో మిగతా సగం, పెద్ద సగం. ఇంగ్లీషు వీడియోల్లో చెప్పే సలహాలు మనకు సగమే పనికొచ్చేది ఇందుకే. అక్కడి పెళ్ళికూతురు పొద్దున బూట్లు వేసుకుంటే రాత్రి విప్పుతుంది. ఆ పాదం మళ్ళీ వట్టి నేల తొక్కే పని లేదు.

టైమ్‌టేబుల్

ఒక కాగితం మీద రాసుకున్నాం. సాయంత్రం 7 నుంచి 11 దాకా రిసెప్షన్. దాదాపు అంతసేపూ నిలబడే ఉంటుంది, కూర్చోవడానికి సోఫా ఉన్నా ఎవరూ కూర్చోనివ్వరు. 12 గంటలకు పడుకుంటే 3 కల్లా లేపుతారు, మంగళస్నానానికి. ముహూర్తం దాటాక 9 దాకా తంతు, తర్వాత భోజనాలు, అప్పగింతలు. అంటే రాత్రి నాలుగు గంటలు హీల్స్ మీద, మూడు గంటల నిద్ర, ఆ వెంటనే ఆరేడు గంటలు వట్టి కాళ్ళు.

ఈ మడమ నొప్పి ఉన్నవాళ్ళకు ఇంతకంటే చెడ్డ వరస ఉండదు. మడమ దగ్గర మొదలై వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి కింద దళసరి పట్టీ ఒకటి ఉంటుంది. రాత్రంతా కదలకుండా ఉన్న పాదంలో అది బిగుసుకుంటుంది, లేచి మొదటి అడుగు వేయగానే ఒక్కసారిగా లాగుతుంది. ఎత్తు మడమల మీద గంటల తరబడి నిలబడితే పిక్క కండరాలు కూడా కురచగా బిగుసుకుని ఉంటాయి. ఆ రెండూ బిగుసుకున్న కాలితో నిద్ర లేచి గట్టి నేల మీద అడుగు పెడితే ఏమవుతుందో అమ్మాయికి నేను చెప్పనక్కర్లేదు. రోజూ పొద్దున ఆమెకు అనుభవమే.

అయితే పూర్తిగా ఫ్లాట్ చెప్పులు వేసుకోమంటే సమస్య తీరుతుందా? తీరదు. చాలామంది ఇక్కడే పొరపడతారు. రాజస్థానీ జుత్తీలు, కొల్హాపురి చెప్పులు చూడటానికి బాగుంటాయి, కింద మెత్త ఉండదు. మడమ నొప్పి ఉన్న కాలికి అది వట్టి నేలతో సమానం. ఆ పట్టీ మీద లాగుడు తగ్గాలంటే మడమ కొద్దిగా పైకి ఉండాలి, కింద మెత్త ఉండాలి, అరికాలి వంపుకు ఆసరా ఉండాలి. ఎత్తు ఎక్కువైతే బరువంతా వేళ్ళ మొదళ్ళ మీదికి జారుతుంది. మాకు కావలసింది మధ్యలో ఎక్కడో ఉంది.

పాదం

కొలతలు సాయంత్రం 6 తర్వాత తీసుకున్నాను. పొద్దున కొలిచిన పాదం, రాత్రి రిసెప్షన్‌లో ఉండే పాదం ఒకటి కాదు. రోజంతా నడిచి, కూర్చుని, నిలబడ్డాక పాదం ఉబ్బుతుంది. నిలబెట్టి కొలవాలి, కూర్చోబెట్టి కాదు. బరువు పడగానే పొడవు, వెడల్పు రెండూ పెరుగుతాయి.

ఎడమ పాదం 238 మిల్లీమీటర్లు, కుడి 233. మన షాపుల్లో వాడే బ్రిటిష్ సైజుల్లో ఒక సైజుకీ తర్వాతి సైజుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మి.మీ. అందులో సగం 4.2. కాబట్టి ఈ అమ్మాయి రెండు కాళ్ళ మధ్య తేడా అర సైజు దాటింది. ఇది రోగమేమీ కాదు, చాలామందికి ఉంటుంది. కానీ ఆన్‌లైన్‌లో సైజు 4 కొన్నది కుడి కాలిని చూసుకుని. షాపుల్లో కూడా ముందు కుడి చెప్పే ఇస్తారు, అది పడితే చాలు బిల్లు కొట్టేస్తారు.

రెండో సంగతి, బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు. ఇట్లాంటి పాదం ఉన్న ఆడపిల్ల మొగుడి మీద పెత్తనం చేస్తుందని మన పెద్దవాళ్ళు అంటారు. వాళ్ళమ్మ కూడా ఆ మాటే అని నవ్వింది. నాకు ఆ వేలుతో వేరే పని ఉంది. పొడవు బొటనవేలి దాకా కొలిస్తే కురచ అవుతుంది, ఎక్కువ పొడుగున్న వేలి చివరి దాకా కొలవాలి. పైగా రేపు మెట్టె తొడిగేది ఆ వేలికే.

మూడోది వెడల్పు. వేళ్ళ మొదళ్ళ దగ్గర చుట్టుకొలత నా దగ్గరున్న రెడీమేడ్ లాస్ట్ కంటే 8 మి.మీ. ఎక్కువ వచ్చింది. ఇదీ వింతేమీ కాదు. చెన్నై అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ, అందరూ సీఎల్‌ఆర్‌ఐ అనేది, దేశమంతటా వేలమంది పాదాలు స్కాన్ చేయించి చూస్తే తేలింది కూడా ఇదే. యూరప్, అమెరికా వాళ్ళతో పోలిస్తే మనవాళ్ళ పాదాలు వెడల్పు. దాని మీదే 'భ' అని మన సొంత సైజుల పద్ధతి ప్రతిపాదించారు. సన్నటి ముక్కు ఉన్న విదేశీ డిజైన్ మన కాలికి పట్టాలని పొడవులో ఒక సైజు పెద్దది కొంటాం, అప్పుడు మడమ జారుతుంది. ఈ తిప్పలు పెళ్ళికూతుళ్ళవే కాదు, నా దగ్గరికి వచ్చే సగంమందివి.

బొటనవేలి మొదట్లో ఎముక కాస్త బయటికి పొడుచుకు రావడం మొదలైంది. ఎక్కువ కాదు. ఆన్‌లైన్ జతలో ముందు స్ట్రాపు సరిగ్గా దాని మీదే పడుతోంది, అందులోనూ రాయి ఉన్న చోట. నాలుగు గంటలు నిలబడితే అక్కడ బొబ్బ ఖాయం.

ఎత్తు లెక్క

ఇక అసలు పంచాయితీ. "అబ్బాయి ఆరడుగులు ఉండాడన్నా. పక్కన నిలబడితే ఫోటోలో మా పాప ఎట్లా ఉంటాదో నువ్వే చెప్పు" అని వాళ్ళమ్మ. అమ్మాయికి అంత పట్టింపు లేదు, కానీ తల్లి బాధ చూసి ఊరుకుంది. వాళ్ళన్న ఒక ఐడియా చెప్పాడు. స్టేజీ మీద చెల్లెలు నిలబడేచోట కార్పెట్ కింద చెక్క పీట బిగిద్దామని. నేను ఒప్పుకోలేదు. స్టేజీ మీద పెళ్ళికూతురు ఒక్కతే నిలబడదు. బంధువులు వరసగా వస్తారు, ఆమె పక్కనే నిలబడి ఫోటో దిగుతారు, అందులో ఎనభై ఏళ్ళ అవ్వలు ఉంటారు. కార్పెట్ కింద కనిపించని మెట్టు అంటే ఎవరో ఒకరు పడతారు.

కాగితం మీద లెక్క వేశాం. ఇద్దరూ వట్టి కాళ్ళతో నిలబడితే తేడా 28 సెంటీమీటర్లు. పెళ్ళికొడుకు సూటు కిందికి వేసుకోబోయే బూటు మడమ 3 సెం.మీ. అమ్మాయి పెన్సిల్ హీల్ 10. తేడా 21. ఇప్పుడు అమ్మాయి 7 సెం.మీ. మడమ వేసుకుని, అబ్బాయి సూటు బదులు షేర్వాణీ, దాని కింద 1 సెం.మీ. సోల్ ఉన్న మోజడీ వేసుకుంటే? తేడా 22. మొత్తం గొడవంతా ఒక్క సెంటీమీటరు కోసం. ఆ ఒక్కటి కూడా కాగితం మీదే. పాదం బాగా వాలినప్పుడు మడమ ఎత్తంతా ఒంటి ఎత్తుగా మారదు, ఎంతో కొంత తగ్గుతుంది.

లెక్క అందరికీ అర్థమైంది. కానీ "మగపెళ్ళి వాళ్ళకు నీ చెప్పులు మార్చుకో అని మనం ఎట్లా చెప్తామన్నా?" అని వాళ్ళమ్మ ఆగిపోయింది. అమ్మాయి అక్కడే ఫోన్ తీసి అబ్బాయికి మెసేజ్ పెట్టింది. జవాబు వచ్చేలోపు ఆమె టెన్షన్ చూడాలి. అబ్బాయి సరేనన్నాడు, పైగా ఆ సూటు వాళ్ళ మామయ్య బలవంతం మీద ఒప్పుకున్నదట. ఎత్తు తేడా ఉన్న జంట వస్తే నేను పెళ్ళికొడుకు బూట్ల సంగతి తప్పకుండా అడుగుతాను. ఆడపిల్ల మడమ పెంచడం గురించే అందరూ మాట్లాడతారు, అబ్బాయి మడమ తగ్గించవచ్చని ఎవరికీ తట్టదు.

చేసిన జత

మడమ కింద 7 సెం.మీ., ముందు వేళ్ళ కింద 2 సెం.మీ. ప్లాట్‌ఫాం. కాలికి తెలిసే వాలు ఈ రెంటి తేడా, అంటే 5 సెం.మీ., సుమారు రెండంగుళాలు. ఒంటికి 7 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది, కాలు మాత్రం రెండంగుళాల హీల్ మీద ఉన్నట్టే ఉంటుంది. హీల్స్ కొనేటప్పుడు చూడాల్సింది మడమ ఎత్తు ఒక్కటే కాదు, ఈ తేడా. అట్లాగని ప్లాట్‌ఫాం ఇంకా పెంచడం మంచిది కాదు. దళసరి సోల్ వంగదు, నేల తెలియదు, చీలమండ మెలిక పడితే గట్టిగానే పడుతుంది. వంగని సోల్ కాబట్టి వేళ్ళ దగ్గర కొద్దిగా పైకి లేపి చేశాను, అడుగు దొర్లినట్టు పడుతుంది.

మడమ బ్లాక్ హీల్. అడుగున 4 సెం.మీ. వెడల్పు. ఇది అందం కోసం ఎంచుకున్నది కాదు. కల్యాణ మండపాల్లో స్టేజీ అంటే ఇనుప ఫ్రేము మీద ప్లైవుడ్ పలకలు, పైన కార్పెట్. పలకకూ పలకకూ మధ్య సందు కార్పెట్ కింద కనిపించదు, పెన్సిల్ హీల్ నేరుగా అందులో దిగుతుంది. ఓపెన్ లాన్‌లో రిసెప్షన్ అయితే మట్టిలో దిగబడుతుంది. బ్లాక్ హీల్‌కు ఈ రెండు బాధలూ లేవు.

మడమకూ ముందు భాగానికీ మధ్య, అరికాలి వంపు కింద, స్టీలు షాంక్ ఉంటుంది. ఒక సన్నటి ఉక్కు పట్టీ. చవక హీల్స్‌లో ఇది పల్చగా ఉంటుంది, బరువు పడితే వంపు కిందికి దిగుతుంది. కొనేవాళ్ళు ఎవరైనా షాపులోనే పరీక్షించుకోవచ్చు. చెప్పును బల్ల మీద పెట్టి వంపు దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కాలి. ఊగితే వదిలేయండి. మడమను పక్కలకు కదిపి చూడండి, కదిలితే అదీ వద్దు.

లోపల మడమ కింద 6 మి.మీ., వేళ్ళ మొదళ్ళ కింద 4 మి.మీ. మెత్త. షుగరు చెప్పులకు వాడే ఎం.సి.ఆర్. అనే మెత్తటి రబ్బరు షీటే, పైన మేక తోలు లైనింగ్. ఎం.సి.ఆర్. స్పాంజీలా అణిగిపోయి అట్లాగే ఉండిపోదు, నాలుగు గంటలు తట్టుకుంటుంది. మడమ చుట్టూ కొంచెం లోతుగా కప్పులా చేశాను, మడమ కింద ఉండే మెత్తటి కండ పక్కలకు చెదరకుండా. ఎడమది 238కి, కుడిది 233కి. కుడి ఎడమ వేరు వేరు సైజులు అంటే వాళ్ళమ్మకు వింతగా అనిపించింది. పక్కపక్కన పెట్టి చూపిస్తే తేడా కనిపించలేదు.

ముందు రెండు వెడల్పు స్ట్రాపులు, బంగారు రేకు తోలు. పొడుచుకు వచ్చిన ఎముకకు ముందొకటి, వెనకొకటి. సరిగ్గా దాని మీద ఏదీ లేదు. ఆమెకు రాళ్ళు కావాలి. నాకు వద్దు. కంచిపట్టు చీర జరీ ఉన్నచోట గోళ్ళ సెట్టింగ్ రాళ్ళు ఉండకూడదు, అవి అంచును పట్టి లాగుతాయి. ఒక్క పోగు లేచినా చీర పాడైనట్టే. చివరికి అంటించే చదును రాళ్ళు, అవి కూడా స్ట్రాపు బయటి వైపు మాత్రమే, కుచ్చిళ్ళు రాసుకోని చోట.

చీలమండ స్ట్రాపు దగ్గర వెండి పట్టీల సమస్య వచ్చింది. పట్టీ, స్ట్రాపు ఒకే చోట పడితే నాలుగు గంటల్లో చర్మం ఎర్రబడుతుంది. పట్టీలు వేసుకుని రమ్మని, అవి ఎక్కడ ఆగుతాయో చూసి, స్ట్రాపు దాని కింద మడమ వెనక్కి పోయేలా పెట్టాను. బకిల్ లోపల ఎలాస్టిక్. రాత్రి 10 కి పాదం ఉబ్బితే అదే సాగుతుంది. బకిల్ కోసం వంగాల్సిన పని కూడా లేదు. పట్టుచీర, వడ్డాణం, జడ కట్టుకుని ఉన్న పెళ్ళికూతురు కిందికి వంగి బకిల్ పెట్టుకోలేదు, ఎవరో ఒకరు పెట్టాలి. ఆ టైముకు ఆ ఎవరో ఎక్కడుంటారో చెప్పలేం.

అడుగున రబ్బరులాంటి టీపీఆర్ సోల్. తోలు సోల్ చూపుకు బాగుంటుంది కానీ పాలిష్ గ్రానైటు మీద, పువ్వులూ నీళ్ళూ పడినచోట జారుతుంది.

చీర, గోరింటాకు

చీర కట్టేవాళ్ళకు ముందే చెప్పమన్నాను, ట్రయల్ రోజు ఈ చెప్పులే వేసుకుని కట్టించుకోమని. చీర అంచు నేలకు ఎంత దూరంలో ఆగాలన్నది మడమ ఎత్తును బట్టి ఉంటుంది. వట్టి కాళ్ళతో కొలిచి పిన్నులు పెట్టి, తర్వాత హీల్స్ వేస్తే పాదాలు బయట పడతాయి. హీల్స్‌తో కట్టి మధ్యలో విప్పేస్తే చీర 7 సెం.మీ. కిందికి వచ్చి కాళ్ళ కింద పడుతుంది. రిసెప్షన్ మధ్యలో కాళ్ళు నొప్పులని ఫ్లాట్ చెప్పుల్లోకి మారి, పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కబోతూ తన చీర తానే తొక్కి పడిన పెళ్ళికూతుళ్ళు ఉన్నారు. అందుకే స్పేర్ జత కూడా ఫ్లాట్ వద్దన్నాను. 4 సెం.మీ. వెడ్జ్ (మడమ కింద సందు లేకుండా సోల్ అంతా ఒకటే దిమ్మగా ఉండేది) ఒకటి పెట్టుకోమని, అది వేస్తే నడుం దగ్గర ఒక మడత లోపలికి దోపి పిన్ను పెట్టమని చీర కట్టే అమ్మాయికి చెప్పాం.

గోరింటాకు రెండు రోజుల ముందు. కాళ్ళకు పెట్టిన రోజు కొత్త చెప్పులు తొడగొద్దని మాత్రం చెప్పాను. పారాణి మర్నాటిది కాబట్టి రిసెప్షన్ జతకు దాంతో పని లేదు. ఆ తర్వాత వేసుకునే చెప్పుల లైనింగ్ తెల్లదైతే మాత్రం ఎర్రగా, పచ్చగా మిగిలిపోతుంది. ముదురు రంగు లైనింగ్ వేశాను.

మరో విషయం అడిగించాను. రిసెప్షన్ స్టేజీ మీద వినాయకుడి విగ్రహం గానీ దీపం గానీ పెడుతున్నారా అని. తిరుపతిలో చాలా డెకరేషన్లలో వెనక స్వామి పటమో, పక్కన విగ్రహమో ఉంటుంది. అప్పుడు స్టేజీ ఎక్కేటప్పుడు చెప్పులు విప్పమని పెద్దవాళ్ళు అంటారు, అనాలి కూడా. ఇక్కడ విగ్రహం గేటు దగ్గర మాత్రమేనని డెకరేషన్ వాళ్ళు చెప్పాక ముందుకు వెళ్ళాం.

అలవాటు

కొత్త జతను ఇంట్లో టైల్స్ మీద, సాయంత్రాలు, దళసరి సాక్సులతో వేసుకోమన్నాను. మొదట అరగంట, తర్వాత పెంచుకుంటూ. ఊరికే అటూఇటూ నడవడం ఒక్కటే చాలదు. రిసెప్షన్‌లో పెళ్ళికూతురు నడిచేది తక్కువ. నిలబడడం, పక్కకు తిరగడం, సోఫాలోంచి లేవడం, మెట్లు ఎక్కడం, అన్నిటికంటే ఎక్కువగా వంగి పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కడం. హీల్స్ మీద వంగితే బరువంతా వేళ్ళ మీదికి తూలుతుంది. ఒక కాలు అర అడుగు వెనక్కి పెట్టి, మోకాళ్ళు వంచి కిందికి దిగాలి, నడుం ఒక్కటే వంచకూడదు. వాళ్ళవ్వ కాళ్ళ దగ్గర రోజూ ప్రాక్టీసు చేసిందట, అవ్వ కూడా రోజూ ఆశీర్వదించిందట.

మడమ నొప్పికి ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి కూడా పంపాను. ఆమె రెండు పనులు చేసింది. ముహూర్తం పొద్దున స్నానం అయ్యాక అరికాలికి ఒంటి రంగు టేపు వేయడం ఒకటి. పారాణి పాదం పైన, అంచుల్లో పెడతారు కాబట్టి టేపుకు అడ్డు లేదు. రెండోది, లేచే ముందు చేయాల్సిన చిన్న వ్యాయామం. పీటల మీద రెండు గంటలు కూర్చుని లేచే అడుగు, పొద్దున మంచం దిగే అడుగు లాంటిదే. సప్తపదికి లేవమనే ముందు చీర కింద చేత్తో కాలి వేళ్ళను పైకి, తనవైపుకు లాగి పట్టుకుని, కాసేపు ఉంచి వదలాలి. ఎవరికీ కనిపించదు. రిసెప్షన్ అయ్యాక పడుకోబోయే ముందు కూడా ఇదే, దాంతోపాటు గోడకు చేతులు ఆనించి పిక్క సాగదీయడం.

ఆ రాత్రి, ఆ పొద్దున

రిసెప్షన్ 7 కు మొదలవ్వాల్సింది 8 దాటింది, అయ్యేసరికి పన్నెండు. పదిన్నరకు ఎడమ చిటికెన వేలి దగ్గర బిగుతు తెలిసిందని, ఎలాస్టిక్ వదులైందని, విప్పలేదని తర్వాత చెప్పింది. స్పేర్ వెడ్జ్ సంచీలోనే ఉండిపోయింది. అడుగున కాస్త మంట ఉన్నా బొబ్బలు లేవు. ఫోటోల్లో అబ్బాయి గడ్డం దాకా వచ్చింది. తల్లి ఆ ఫోటోలను నాకు వాట్సాప్‌లో పంపి, కింద ఏమీ రాయలేదు. ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

పొద్దున మంచం దిగినప్పుడు నొప్పి ఉంది. అది ఉంటుందనే అనుకున్నాం. టేపు వేశాక తగ్గింది. పీటల మీదినుంచి లేచేటప్పుడు వేళ్ళు లాగి పట్టుకోవడం పనిచేసింది. సన్నికల్లు మీద కాలు పెట్టినప్పుడు ఇబ్బంది లేదు. ఎక్కువ బాధ పడింది భోజనాల దగ్గర. కొత్త జంటను బల్లల మధ్య తిప్పుతారు కదా, వట్టి కాళ్ళతో తడి టైల్స్ మీద, అదీ చాలాసేపు. అప్పటికి ముహూర్తం అయిపోయింది, డైనింగ్ హాల్లో చెప్పులు వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఆ వెడ్జ్ అక్కడ వేసుకుని ఉండాల్సింది. ఇప్పుడు మడమ నొప్పి ఉన్నవాళ్ళకు ఆ మాట కూడా చెబుతున్నాను.

అన్నట్టు, ఆ రెండు రోజుల్లో అందరికంటే ఎక్కువ నడిచింది పెళ్ళికూతురు కాదు, వాళ్ళమ్మ. ఆమె వేసుకున్నది అరిగిపోయిన రబ్బరు చెప్పులు. పెళ్ళికూతురి చెప్పులకు వచ్చే తల్లులను ఇప్పుడు కూర్చోబెట్టి వాళ్ళ కాళ్ళు కూడా చూస్తున్నాను. ఒప్పుకునేది తక్కువమంది.

మెట్టెల తర్వాత

పెళ్ళయ్యాక వేసుకునే చెప్పుల సంగతి చాలామంది మరిచిపోతారు. రెండో వేలికి వెండి మెట్టె పడగానే ఆ వేలి మందం మారుతుంది. ముక్కు మూసిన బూట్లలో మెట్టె పక్కవేళ్ళను ఒరుసుకుంటుంది. ఈ అమ్మాయిది పొడుగు వేలు కాబట్టి ఇంకా ఎక్కువ. కంసాలి దగ్గర కొలత ఇచ్చేటప్పుడు వెనక తెరిచి ఉండే మెట్టె చేయించుకోమన్నాను, రాత్రంతా నిలబడి ఉబ్బిన వేలికి మూసిన మెట్టె ఎక్కదు, ఎక్కినా దిగదు.

తిరుమలకు, మంగాపురానికి ఇంకో జత. వెనక స్ట్రాపు లేదు, బకిల్ లేదు. శ్రీవారి ఆలయం చుట్టూ ఉన్న నాలుగు మాడ వీధుల్లో చెప్పులతో తిరగకూడదు, రూములోనే విప్పేసి పోవడం మంచిది. మంగాపురంలోనూ బయటే వదలాలి. అటువంటి రోజుకు ఒక్క క్షణంలో తొడిగి, విప్పగలిగేది కావాలి. లోపల 8 మి.మీ. ఎం.సి.ఆర్., మడమ 3 సెం.మీ., ముందు స్ట్రాపు మెట్టెకు వేలెడు వెనక. రంగు మట్టి రంగు. అక్కడ ఎవరూ దొంగిలించాలనుకోకుండా ఉండడానికి అదొక్కటే ఉపాయం. క్యూలో నిలబడాల్సిన గంటలకు చెప్పులు చేసేదేమీ లేదు. దానికీ టేపే.

రిసెప్షన్ జతకు తోలు, పని కలిపి 3,800 రూపాయలు తీసుకున్నాను, రెండో జతకు 1,400. ఆన్‌లైన్ జత 2,200 పెట్టి కొన్నారు, వాపసు గడువు దాటింది. లాస్ట్‌కు తోలు కట్టి మార్పులు చేసి, ఒకసారి తొడిగి చూసి, సోల్ వేసి, ఇంట్లో అలవాటు చేసుకోవడానికి కలిపి నాలుగు వారాలన్నా కావాలి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం ముహూర్తాల్లో అంతకంటే తక్కువ గడువుతో వస్తే కొత్త జత చేయను. షాపులో బ్లాక్ హీల్ ఒకటి కొనుక్కుని రమ్మని, దాని లోపలి మెత్త, స్ట్రాపులు మాత్రం మార్చి ఇస్తాను.